తొట్టిలో తగ్గిన చేపలు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో నేను వఫ్రా దగ్గర ఒక తోటలో పనిచేస్తున్నాను. మా కఫీల్, అంటే తోట యజమాని, కుటుంబంతో సహా సౌదీకి వెళ్ళిపోయాడు. తోటలో మిగిలింది నేనూ, రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనా. దోస పాదులకు నీళ్ళు పారించే సిమెంటు తొట్టిలో జిలేబీ చేపలుండేవి. ఒకరోజు సైనికులు వచ్చి వాటిని చూశారు. "ఇవి మావి, ముట్టుకుంటే ఖలాస్" అని ఒకడు గొంతు మీద వేలు అడ్డంగా గీసి చూపించి పోయాడు.

ఆ మరుసటి వారం నుంచే చేపలు తగ్గసాగాయి. మేత వేస్తే నీళ్ళు మునుపటిలా కుతకుతలాడటం లేదు. మాకు ఖుబూస్ రొట్టె, ఉల్లిగడ్డ తప్ప తిండి లేని రోజులవి. నేను తొట్టి ముట్టలేదు. ఇక మిగిలింది ఆయనే. ఆయన చేతులు వాసన చూడాలనిపించేది. ఆయన దగ్గినా, ముల్లు ఇరుక్కుందేమో అనుకునేవాణ్ణి.

ఒక ఉదయం మా గది వెనక ఆయన పారతో గుంత తీసి చేప తలలు పూడుస్తూ కనిపించాడు.

"నాకు తెలీకుండా తింటా ఉండావా న్నా?" అన్నాను.

ఆయన పార కింద పెట్టాడు. "నేనా? నువ్వు తిని పారేసినావనుకొని పూడుస్తాండా. వాళ్ళు సూస్తే ఇద్దర్నీ కాలుస్తారు."

నేను నమ్మలేదు. ఆయనా నన్ను నమ్మలేదు. మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరం పంపు గది కిటికీలోంచి తొట్టినే చూస్తూ కూర్చున్నాం. ముందు ఒక బూడిదరంగు కొంగ దిగింది, తర్వాత ఇంకో మూడు. గట్టు మీద కదలకుండా నిలబడి చేపల్ని పొడిచి మింగాయి. గొంతులో పట్టని పెద్దవాటిని అక్కడే వదిలేస్తే, ఒక నక్క వచ్చి మా గది వైపు ఎత్తుకుపోయింది.

"కఫీల్ కుక్కలు, తుపాకి ఉన్నప్పుడు ఇవి ఈ పక్కకే వచ్చేటివి కాదబ్బీ," అన్నాడాయన.

నిజమే. కుక్కలు ఆకలికి ఎటో వెళ్ళిపోయాయి. తుపాకి కఫీల్‌తోనే పోయింది.

ఆ రోజే పాదుల మీది వల తెచ్చి తొట్టిపై కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాం. కొంగలు రెండ్రోజులు గట్టు మీద తచ్చాడి రావడం మానేశాయి. అయినా మాలో ఒకరు తొట్టి వైపు వెళ్తే, రెండోవాళ్ళు ఏదో పని కల్పించుకుని వెనకే వెళ్ళేవాళ్ళు.

సెప్టెంబరు చివర, ఇండియా విమానం ఎక్కడానికి అమ్మాన్ వెళ్ళే బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చాలా దూరం పోయాక ఆయన మెల్లగా అడిగాడు.

"నిజం సెప్పబ్బీ, ఒగటన్నా తినలా?"

"లేదు న్నా."

ఆయన తలూపి కిటికీ వైపు తిరిగాడు. అదే మాట ఆయన్ని నేనూ అడగాలనుకున్నాను. అడగలేదు.