అక్కాతమ్ముళ్ళ క్వారీ ఉత్తరాలు

డిగ్రీ అయిన ఆ రోజుల్లో, లోకంలోని తగాదాలన్నీ మాటతీరు బాగాలేకే వస్తాయని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకంతోనే గుంటూరు బ్రాడీపేటలో ఒక రాజకీయ లీడర్ గారి ఇంట్లో టైపిస్టుగా చేరాను. ఆయనకు కంటి ఆపరేషనైంది, నెల రోజులు చదవకూడదన్నారు. వచ్చిన కాగితాలు చదివి వినిపించడం, చెప్పింది టైపు చెయ్యడం నా పని. (చర్చి స్కూల్లో పంతులైన మా నాన్న "అబద్ధమాడకుండా పని చేసుకోమ్మా" అని ఒక్క షరతు పెట్టి పంపాడు.)

సార్‌కు చీమకుర్తిలో అక్కగారితో ఉమ్మడిగా గ్రానైట్ క్వారీ ఉంది. దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి గుంటూరులో మిర్చికి కోల్డ్ స్టోరేజీ కట్టాలని ఈయన, ఆ డబ్బు ఎన్నికల పాలవుతుందని ఆవిడ. మాటామాటా పెరిగి ఫోన్లు మానేశారు. ఉత్తరాలు మాత్రం క్వారీ లారీ డ్రైవరు అటూ ఇటూ చేరవేసేవాడు.

అక్కగారి మొదటి ఉత్తరం విప్పాను. "నాన్న చేతులు బొబ్బలెక్కించుకుని సంపాదించింది జెండాలకూ బిర్యానీలకూ తగలేస్తావట్రా, సిగ్గులేనోడా!" నల్లద్దాల్లోంచి సార్, "ఏమందమ్మా?" అన్నారు. "నాన్నగారు బాగా గుర్తొస్తున్నారటండి. మీరు వేళకి తింటున్నారా అని అడిగారు" అన్నాను. ఆయన నల్లద్దాలు సర్దుకున్నారు. తర్వాత మాత్రం, "రాయమ్మా. బ్యాంకు కాగితాలమీద సంతకం పెడుతుందో, కోర్టుకు రమ్మంటుందో తేల్చుకోమను" అన్నారు. నేను "అక్కా, నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని టైపు చేశాను. (నొప్పి సంగతి డ్రైవరు చెప్పాడు.) చూడకుండానే సంతకం పెట్టారు. ఇలా మూడు వారాలు నడిచింది.

ఒక పొద్దున అక్కగారే దిగారు. గుమ్మంలోనే, "ఏరా, అంత మెత్తగా రాయడం ఎప్పుడు నేర్చావురా? రెండుసార్లు ఏడ్చాను" అన్నారు.

"నేనా? మెత్తగా రాసింది నువ్వు కదక్కా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను బ్యాగు సర్దుకోబోయాను. ఆవిడ బల్లమీదున్న తన మొదటి ఉత్తరం తీసి నా చేతిలో పెట్టి, "ఉన్నదున్నట్టు చదువమ్మాయ్" అన్నారు. చదివాను. "సిగ్గులేనోడా" దగ్గరికి వచ్చేసరికి సార్ పగలబడి నవ్వి, "ఇదీ మా అక్క!" అన్నారు.

ఆవిడ నాలుగు రోజులుండి ఆయన కళ్ళలో మందు చుక్కలు వేశారు. సంతకం మాత్రం పెట్టలేదు. వెళ్ళాక రోజూ ఫోన్లో అరుచుకునేవారు, వీధి చివరిదాకా వినపడేది. నా ఉద్యోగం ఉంది కానీ, ఉత్తరాల పని పోయింది.

వాళ్ళను కలిపింది నేనేనని చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు పొలం విషయంలో తగాదా వచ్చి, నేనూ మా తమ్ముడూ ఫోన్లు మానేసి వాట్సాప్‌లో ఎంతో మర్యాదగా, ఒక్క తప్పు మాట లేకుండా రాసుకుంటున్నాం. వాడి మెసేజీ చూసినప్పుడల్లా ఆ టైపిస్టు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది.