ముందుకు రాని సీటు

డిగ్రీ అయిన ఏడాది జూన్‌లో ఎల్బీనగర్‌లోని ఒక కార్ల వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్‌గా చేరాను. కారు తెచ్చినవాళ్లు చెప్పింది విని, జాబ్‌కార్డు రాసి, మెకానిక్‌కు అప్పగించి, పనయ్యాక కారు తిరిగి ఇవ్వడం అడ్వైజర్ పని. రోజంతా మాట్లాడాల్సిన ఉద్యోగం. నేనేమో ఇంట్లో కూడా డైరీతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కానీ, ఒక సీటు సంగతి మాత్రం రాయాలనిపించింది.

చేరిన మొదటి వానాకాలంలో సరూర్‌నగర్ నుంచి ఒక పాత సెడాన్ వచ్చింది. నడుపుకొచ్చినవారు జోసఫ్ గారు, రిటైరైన బస్సు డ్రైవరు. పక్కన ఆయన భార్య సుగుణమ్మ గారు, ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్రైవరు సీటు స్విచ్చి నొక్కితే కదలడం లేదు, పూర్తిగా వెనక్కి పోయి ఆగిపోయింది. పొడవైన మనిషి కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. ఆమె కాళ్లు పెడళ్లకు అందవు.

"అమ్మేద్దామంటే వినది. ఈ వయసుల డ్రైవింగెందుకు మేడం, మీరే చెప్పుండ్రి," అన్నారాయన.

"వచ్చే నెల నీ కంటి ఆపరేషన్ అయినంక దవాఖానకు ఎవరు తోల్కపోతరు?" అన్నారు సుగుణమ్మ గారు. "లైసెన్సు తీసుకున్న. బండి ఉన్నది. గీ సీటొక్కటే వస్తలేదు."

సీటు బాగుకాకపోతే కారు అమ్మకానికే. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడట.

మా మెకానిక్ యాదగిరన్న సీటును జరిపే మోటారు పోయిందన్నాడు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, పాత సామాన్ల మార్కెట్లో మోటారు దొరికితే దొరికినట్టు. అది విని జోసఫ్ గారు కొనేవాడికి చేద్దామని ఫోన్ తీశారు.

నాకొకటి అర్థం కాలేదు. ఆయన స్విచ్చి నొక్కినప్పుడు సీటు కింద సన్నగా గుర్రుమన్న చప్పుడు వచ్చింది. మోటారు పోతే చప్పుడెందుకు? యాదగిరన్నను అడగకుండా సుగుణమ్మ గారి వైపు తిరిగాను. "మీరొకసారి కూర్చుని నొక్కుతారా ఆంటీ," అన్నాను.

ఆమె కూర్చుని నొక్కారు. "కుడిదిక్కు జర కదుల్తున్నది బిడ్డా. ఎడమదిక్కు మొండికేసింది."

ఆయన బరువు కింద తెలియని కదలిక ఆమె కూర్చుంటే తెలిసింది. యాదగిరన్న తల గోక్కున్నాడు. "అయితే మోటారు మంచిగనే ఉన్నది."

మోటారు ఒకటే, సీటు జరిగే పట్టాలు రెండు. మోటారు నుంచి అటొకటి ఇటొకటి సన్నటి కేబుళ్లు వెళ్లి, పట్టాల దగ్గరి గేర్లను తిప్పుతాయి. ఒక కేబులు ఊడితే రెండో పక్క మాత్రమే లాగి, సీటు వంకరై బిగుసుకుంటుంది. సీటుకు ఎయిర్‌బ్యాగ్ వైరుంటుంది కనక, పొరపాటున అది పేలకుండా ముందు బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఆ తర్వాత టార్చి వేస్తే, ఎడమ కేబులుకు నల్లటి ఎలాస్టిక్ తాడు చుట్టుకుని కనిపించింది.

అది సీటు కవరు తాడు. మన దగ్గర కారు కొన్న రోజే సీట్లకు కవర్లు వేయిస్తారు. అవి మాస్తే వాటిమీదే ఇంకో జత. ఈ సీటుకు మూడు పొరలున్నాయి. కింద ముడివేసిన తాడొకటి వదులై, ఒక కొస కేబులుకు, ఇంకో కొస పట్టాకు చిక్కుకుంది. సీటు వెనక్కి జరిగినప్పుడు కేబులును గేరులోంచి ఊడలాగింది.

"ఇన్ని కవర్లు ఎవరేయించిన్రు?" అన్నాడు యాదగిరన్న.

"ఇంకెవరు. సీటు ఖరాబైతదని సార్‌కు బెంగ," అన్నారు సుగుణమ్మ గారు.

జోసఫ్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

తాడు కోసేసి, గేరును చేత్తో తిప్పి రెండు పట్టాలనూ సమానంగా తెచ్చాకే కేబులు మళ్లీ ఎక్కించాలి. లేకపోతే సీటు వంకరగానే నడుస్తుంది. అదయ్యాక బ్యాటరీ తగిలించి స్విచ్చి నొక్కితే సీటు నెమ్మదిగా ముందుకొచ్చింది. ఒక్క కవరైనా ఉంచమని జోసఫ్ గారు పట్టుబడితే, తాళ్లు తీసేసి క్లిప్పులతో బిగించాం.

ట్రయల్‌కు అడ్వైజర్ కూడా వెళ్లాలి. సుగుణమ్మ గారే నడిపారు, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దాకా, తిరిగి వర్క్‌షాపుకి. పక్క సీట్లో జోసఫ్ గారు దారంతా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

ఆ తర్వాత సీటు ఫిర్యాదు ఏది వచ్చినా ముందు కవరెత్తి కింద చూసేదాన్ని. కారు ఎవరు తెచ్చినా, నడపబోయే మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టాకే జాబ్‌కార్డు రాసేదాన్ని.