తొమ్మిదో పేజీలో మూడు గీతలు

కర్స్టీ ఫ్లెట్ గురించి మా పోర్ట్‌రాథీ రేవులో ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించి చెబుతారు, తర్వాత ఆమె చదివిన పుస్తకాల గురించి చెబుతారు. ఆమె అసూయ గురించి చెప్పాలంటే మాత్రం నేనే చెప్పాలి. పడుచుతనం నుంచి పక్కనే ఉండి చూసినదాన్ని. ఆ అసూయే లేకపోతే కర్స్టీ చదివిన వాటిలో సగం పుస్తకాలు ముట్టుకునేది కూడా కాదు.

హెర్రింగ్ చేపలు దండిగా పడే రోజుల్లో మా ఊరి ఆడవాళ్లం ముగ్గురేసి జట్టు కట్టి పనికి వెళ్లేవాళ్లం. ఇద్దరు చేప పొట్ట కోసి పేగులు తీస్తారు, ఒకరు పీపాలో ఉప్పు చల్లుతూ వరసలు పేరుస్తారు. మా జట్టులో కత్తులు పట్టింది కర్స్టీ, ఎల్స్‌పెత్ స్లేటర్. పొడుగ్గా ఉన్నానని నన్ను పీపాకి పెట్టారు. పడవలు చేపలు దించే రేవులన్నీ తిరిగాం, ఉత్తరాన షెట్లాండ్ దీవుల నుంచి దక్షిణాన యార్మౌత్ దాకా. వాళ్లిద్దరూ చేపల తొట్టికి అటొకరు ఇటొకరు నిలబడి కబుర్లాడుకుంటూ ఉంటే, నేను పీపాలో తల దూర్చి ఉప్పు మింగుతూ ఉండేదాన్ని. వాళ్ల నవ్వులు వినబడేవి గాని దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు.

ఎల్స్‌పెత్ చెయ్యి వేరు. ఆమె కత్తి వెంట్రుకవాసి తప్పేది కాదు. కర్స్టీ వేళ్లకి ఎప్పుడూ గుడ్డపీలికలు చుట్టి ఉండేవి, ఎల్స్‌పెత్‌కి ఒక్కటీ అక్కర్లేదు. ఒకరోజు కర్స్టీ ఉండబట్టలేక, "దాని కత్తి మంచిది, అందుకే!" అంది. ఎల్స్‌పెత్ తన కత్తి ఆమెకిచ్చింది, ఆమె మొద్దు కత్తి తను తీసుకుంది, అయినా ముందు ముగించింది. ఆ పూట కర్స్టీ సూప్ ముట్టలేదు. ఎల్స్‌పెత్ వచ్చి "తినవే" అన్నందుకు ఇంకా మండిపడింది.

మా రేవు జనానికి ప్రతి వస్తువుకీ గుర్తు పెట్టుకోవడం అలవాటు. వల తేలడానికి కట్టే తోలుబుర్రలకి, సముద్రం బూట్లకి, కత్తిపిడికి, ఎవరి గుర్తు వాళ్లది. కర్స్టీది సున్నాలో చుక్క. ఎల్స్‌పెత్‌ది పక్కపక్కనే మూడు చిన్న గీతలు, చేపముళ్లలాగా. నాది కొక్కెం. ఈ గుర్తులే కర్స్టీ ప్రాణానికి వస్తాయని అప్పుడెవరు అనుకున్నారు?

హెర్రింగ్ పోయింది, పీపాలు పోయాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, మొగుళ్లు పోయారు. కర్స్టీ చేపల కార్ఖానాలో నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకుని ఇంట్లో కూర్చుంది. ఊరికే కూర్చునే మనిషి కాదు కదా. మంగళవారం మంగళవారం రేవు మొగలో లైబ్రరీ వ్యాను ఆగుతుంటే, అది నడిపే ఎకీతో వాదన పెట్టుకోవడానికని ఎక్కింది. కిందికి దిగేటప్పుడు చంకలో లావుపాటి పుస్తకం ఉంది.

అందులో మా దేశం కథ. ప్రభువులు గొర్రెల మేతకని మనుషుల్ని కొండలోయల్లోంచి గెంటేసిన కథ. ఇళ్ల కప్పులు తగలబెట్టి, ముసలీ ముతకా అని చూడకుండా సముద్రపు ఒడ్డుకి తోలేశారట. కర్స్టీ అది చదివి వారం రోజులు గొర్రె మాంసం తినలేదు. తర్వాత రాజులు, యుద్ధాలు, కొండవాళ్లు గళ్లబట్ట కట్టడం నేరమన్న చట్టాలు, వరసపెట్టి చదివేసింది. పుస్తకంలో 'పంది' అన్న మాట వస్తే మాత్రం ఆగిపోయి పొయ్యి దగ్గరి ఇనపకడ్డీ ముట్టుకునేది. ఆ మాటా, 'సాల్మన్' అన్న చేప పేరూ మా పడవల మీద ఎవరూ నోటితో అనరు; అంటే కీడు, ఇనుము ముట్టుకుంటేనే పోతుంది. రాజులేమో ఎప్పుడు చూడు అడవిపందుల వేటకే పోతారాయె. కర్స్టీ కడ్డీని ఒళ్లో పెట్టుకునే చదివేది.

గురువారాలు మేం ముసలాళ్లమంతా మిషన్ హాల్లో టీకి చేరతాం. అక్కడ కర్స్టీ చదివింది చెప్పేది. చెప్పడమంటే అలా ఇలా కాదు.

"గొడ్డలి మొదటి వేటుకి మెడ తెగలేదర్రా! పాపం ఆ రాణి పెదాలు కదుల్తూనే ఉన్నాయి. చివరికి తల పైకెత్తి జనానికి చూపిద్దామని తలారి జుట్టు పట్టుకున్నాడా, జుట్టొక్కటే చేతికొచ్చింది. తల కిందపడి దొర్లింది. పెట్టుడు జుట్టు!"

హాలంతా నోళ్లు తెరుచుకుని వినేది. ఎల్స్‌పెత్ మాత్రం స్వెట్టర్ అల్లుకుంటూ "అలాగా" అనేది. అంతే.

ఒకనాడు కర్స్టీ మా ఇంటి తలుపు తోసుకుని వచ్చి పుస్తకం నా ముందు పడేసింది. చదువుతుంటే టీ ఒలికిందట. అద్దుతుంటే కనబడిందట. తొమ్మిదో పేజీ అంకె కింద, పెన్సిల్‌తో, మూడు చిన్న గీతలు.

అందులో వింతేం లేదు. వ్యానులో పుస్తకాలు తీసుకునే ముసలాళ్లందరూ ఏదో ఒక పేజీలో తమ గుర్తు పెట్టుకుంటారు. అట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి, చదివిందే మళ్లీ ఇంటికి మోసుకురాకుండా అదొక ఏర్పాటు. ఎకీ చూసీ చూడనట్టు పోతాడు.

"ఇదొక్కటే కాదే బెల్లా," కర్స్టీ మొహం ఎర్రబడింది. "వ్యాను ఎక్కి అరంతా తిరగేశాను. యుద్ధాల పుస్తకం, గళ్లబట్టల పుస్తకం, ఆ రాణి పుస్తకం, అన్నిట్లోనూ ఉన్నాయి ఆ ఎల్స్‌పెత్ గీతలు. దానికంతా ముందే తెలుసు! తెలిసీ నోరు కుట్టేసుకుని కూర్చుని 'అలాగా' అంటుందా? నన్ను ఆడిస్తోందే!"

"చదువుకుంది, ఊరుకుంది. నీకేం పోయింది?"

"నాకేం పోయిందా? చేపల్లో అదే ముందు, పెళ్లిలో అదే ముందు, ఆఖరికి చచ్చిన రాణి దగ్గర కూడా అదే ముందా?"

అప్పట్నుంచి కర్స్టీకి చరిత్ర మీద కంటే ఆ గీతల మీదే ధ్యాస. ఏ పుస్తకం తీసినా ముందు తొమ్మిదో పేజీ తిప్పేది. గీతలు కనబడితే పళ్లు నూరేది. అవి లేని పుస్తకం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కావాలి ఆమెకి. తను ముందు చదివి, ఎల్స్‌పెత్ తన తర్వాత చదవాలి. ఆమె బతుక్కి అప్పుడు ఇంకో కోరిక లేదంటే నమ్మండి.

ఆ శరదృతువులో ఎకీ నోరు జారాడు. మా హెర్రింగ్ ఆడవాళ్ల మీదే పెద్ద పుస్తకం వచ్చిందట, రెండు భాగాలు. మొదటిది వచ్చే వారం వ్యానులో వస్తుందట.

"ఎకీ, బంగారు కొండా," అంది కర్స్టీ. జన్మలో ఎవర్నీ అలా పిలవలేదు. "అది అరలో పెట్టకురా. నీ సీటు కింద పెట్టు."

"అలా చెయ్యకూడదు అత్తా."

"పొగబెట్టిన హాడక్ చేప తింటావా?"

ఎకీ తిన్నాడు. పుస్తకం సీటు కిందికి చేరింది.

కర్స్టీ దాన్ని నాలుగు రోజుల్లో చదివేసింది. చదివేసి తిరిగి ఇవ్వలేదు. వ్యాను వచ్చిన ప్రతిసారీ పుస్తకం చూపించి గడువు ముద్ర వేయించుకుని ఇంటికి తీసుకుపోయేది. చలికాలమంతా అదే తంతు.

"ఎల్స్‌పెత్ అత్త వస్తోంది, ఆ అర దగ్గర నిలబడి వెళ్లిపోతోంది," అన్నాడు ఎకీ ఒకసారి. "అడగదు గాని, దాని కోసమే."

"నిలబడనీ," అంది కర్స్టీ. ఆ రోజు ఇంటికి పాడుకుంటూ వెళ్లింది.

ఆ చలికాలంలోనే ఎల్స్‌పెత్ హాలు మెట్లు గోడ పట్టుకుని దిగడం మొదలెట్టింది. ఒక గురువారం టీ కప్పు నిండాక కూడా పోస్తూనే ఉంది, సాసరు నిండి బల్ల మీదికి కారేదాకా. వయసు అనుకున్నాను. అల్లిక మాత్రం ఆగలేదు. అల్లికకి కళ్లు అక్కర్లేదని నాకు తట్టలేదు.

మంచు కరిగాక కర్స్టీ పుస్తకం తిరిగి ఇచ్చింది. ఇచ్చే ముందు తొమ్మిదో పేజీ అంకె కింద తన సున్నా, చుక్క పెట్టింది, కాస్త పెద్దగానే. "ఇంక దాని గీతలు నా కింద పడాల్సిందే," అంది నాతో. ఎల్స్‌పెత్ అదే రోజు దాన్ని తీసుకెళ్లింది, వ్యాను మళ్లీ వచ్చినప్పుడు తెచ్చేసింది.

కర్స్టీ ఎకీ చేతిలోంచి లాక్కుని తొమ్మిదో పేజీ తీసింది. నేను భుజం మీంచి చూశాను.

గీతలు ఉన్నాయి. అంకె కింద కాదు. పేజీ మధ్యలో, అచ్చు అక్షరాల మీద అడ్డంగా. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మూడోది అంచు దాటి పక్క పేజీలోకి పోయింది.

కర్స్టీ ఆ మూడో గీత వెంట పక్క పేజీలోకి వేలు పోనిచ్చింది.

"కొన్నాళ్లుగా చేత్తో తడిమి తీసుకుంటోంది," అన్నాడు ఎకీ మెల్లగా. "'ఇది ఏ రంగురా' అని అడుగుతుంది. ఎవరికీ చెప్పొద్దంది."

"పుస్తకం వచ్చినప్పుడు దానికి కళ్లున్నాయి," అంది కర్స్టీ. "అప్పుడు చదవగలిగేదే. నేను దాచాను బెల్లా. మంచం కింద పెట్టుకుని కూర్చున్నాను." ఆ వెంటనే కోపం వచ్చింది ఆమెకి, ఏ బాధ వచ్చినా చివరికి కోపమే వస్తుంది. పుస్తకం చంకన పెట్టుకుని నొప్పి మోకాళ్లతోనే ఎల్స్‌పెత్ ఇంటికి చరచరా నడిచింది. వెనక నేను.

తలుపు తియ్యగానే, "ఏమే దొంగా! చదవని పుస్తకంలో గుర్తెలా పెట్టావే?"

"చదివాను," అంది ఎల్స్‌పెత్, మా ఇద్దరి మధ్య గాల్లోకి చూస్తూ.

"అయితే నడిమి పేజీల్లో ఏముందో చెప్పు."

"చేపలున్నాయి."

నాకు నవ్వు ఆగలేదు. కర్స్టీ నవ్వలేదు.

"ఎందుకే ఈ నాటకం?"

ఎల్స్‌పెత్ కుర్చీ తడుముకుని కూర్చుంది. "గురువారం గురువారం నిన్ను చూసి ఓర్చుకోలేకేనే. నువ్వు నోరు విప్పితే హాలంతా నీ వైపు తిరుగుతుంది. అదే పుస్తకం నేనూ చదివాను కదా, నాకొక్క మాట చెప్పడం రాదు. ఆ రాణి తల పడిన చోటు నేను చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. నువ్వు చెబితే ఏడుపొచ్చింది. కడుపు మండిపోయేది నాకు. కనీసం ముందు చదివింది నేనే అన్నదొక్కటే ఇన్నాళ్లూ మిగిలింది. అదీ పోయిందని, అసలు చదవనే లేనని నీ ముందు ఒప్పుకోమంటావా?"

కత్తి ఉన్నదాన్ని చూసి నోరున్నది, నోరున్నదాన్ని చూసి కత్తి ఉన్నది, ఇన్నేళ్లూ కుళ్లుకుంటూ వచ్చారన్నమాట.

తర్వాత కర్స్టీ ఇంకో కుర్చీ లాక్కుని ఎల్స్‌పెత్ ఎదురుగా వేసుకుంది. పొయ్యి దగ్గరి కడ్డీ తీసి ఇద్దరి మోకాళ్ల మీదా అడ్డంగా పెట్టింది. మొదటి పేజీ తీసి చదవడం మొదలెట్టింది. రేవు ఆడవాళ్లు మొగుళ్ల కాళ్లు తడవకుండా వాళ్లని వీపున మోసుకెళ్లి పడవ ఎక్కించేవారన్న చోటు వచ్చింది.

"మా నాయనమ్మ కూడా మోసేది," అంది ఎల్స్‌పెత్. "ఓసారి గొడవపడి తాతని మధ్యలో నీళ్లలో వదిలేసింది."

"ఇది పుస్తకంలో లేదు!"

"పుస్తకానికేం తెలుసే, చదువు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే టీ పెట్టి ఇచ్చాను, తల తిప్పకుండానే అందుకున్నారు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా, తొట్టి దగ్గర నిలబడిన రోజుల్లో లాగే ఉన్నారు. మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. సందులోంచి వెళ్తుంటే నవ్వులు వినబడేవి, దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. కర్స్టీ అసూయని చూసి ఇన్నాళ్లు వేళాకోళం చేసిన నాకు ఒళ్లంతా మండుకొచ్చింది.

రెండో భాగం వస్తుందన్న మంగళవారం, వ్యాను కంటే ముందే రేవు మొగలో నిలబడ్డాను.

"బెల్లా అత్తా, నువ్వా?" అన్నాడు ఎకీ. "నీకు కార్డు కూడా లేదే."

"ఇప్పుడు చెయ్యి. నీ సీటు కిందున్నది ఇలా ఇవ్వు."

"అది కర్స్టీ అత్తకి…"

"హాడక్ నేనూ పొగబెడతానురా."

ఇంటికి తెచ్చి తొమ్మిదో పేజీ తీసి, అంకె కింద నా కొక్కెం గీశాను. మధ్యాహ్నానికల్లా తలుపు మీద గుద్దులు.

"తియ్యవే బెల్లా! నీకు పుస్తకమెందుకే, అక్షరాలు కూడబలుక్కుంటావు! తియ్యి!"

కిటికీలోంచి చూశాను. ఎల్స్‌పెత్ కర్స్టీ భుజం పట్టుకుని నిలబడి ఉంది, ఆమె మొహంలోనూ అంతే కోపం. కాసేపు బయటే ఉండనిచ్చాను. కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఇనపకడ్డీ బల్ల మీద పెట్టి, వాళ్లిద్దరికీ ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, నాకు మూడోది వాటి మధ్యలోకి లాక్కుని, అప్పుడు వెళ్లి తలుపు తీశాను.