కాగితం అవతలి ఊరు

అరవైల చివరి మాట. ఆమదాలవలస స్టేషన్లో బండి కోసం మేనత్తా నేనూ కూర్చున్న బల్ల మీదే ఒకాయన పెద్ద గళ్ల కాగితం పరిచి, గడిగడికీ అంకెలు వేస్తూ, చెరిపి మళ్లీ వేస్తున్నాడు.

"ఏటి బాబూ అది?" అంది అత్త.

మా వైపు మాంగనీసు గని రాబోతోందట. గోతిలో నీళ్లు పంపులతో తోడేస్తుంటే చుట్టూ భూమిలో నీరు ఎంత దిగుతుందో ఆయన లెక్క కడుతున్నాడట. పక్క గళ్లతో పొసగేదాకా ప్రతి గడిలోనూ అంకె మార్చాలట. ఓపిగ్గానే చెప్పాడు.

"మరి మా ఊరెక్కడున్నాది?"

ఊరి పేరు అడిగి, కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు అంచు దాటి ఉత్త బల్ల మీద ఆగింది.

"ఇక్కడమ్మా. అంచు దగ్గర నీరు దిగదనే అనుకోవాలి. లేకపోతే లెక్క తేలదు."

"అయితే మా నూతికి బయం నేదన్నమాట!"

ఆ సంబరంలో అత్త, ఇంటి నుంచి తెచ్చుకున్న నూతినీళ్లు చెంబుతో ఇచ్చింది. గటగటా తాగాడు.

లెక్క తేలింది. గనీ వచ్చింది. మా నీరు దిగదని ఆ లెక్క తేల్చలేదు, దిగదని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టారు. చేంతాడు చాలక ముడి మీద ముడి వేశాం, చివరికి బురద తోడుకున్నాం. నేను ఆయన్ని తిట్టినప్పుడల్లా అత్త అడ్డొచ్చేది.

"పోన్లేరా. పాపం, ఆ బాబు కాయితం సిన్నది."