పేరు రాని పురుగు

మా జువాలజీ మేడమ్ పోయారని గురువారం పొద్దున పటమట నుంచి వాళ్ల అక్కగారు ఫోన్ చేశారు. "ఆదివారం రమ్మన్నారండీ నన్ను" అన్నాను, అదేదో జవాబైనట్టు.

క్లాసులో సగంమంది నిద్రపోయినా ఆవిడ విసుక్కునేవారు కాదు. "పడుకోండమ్మా, నా పురుగులు కూడా పగలు పడుకునేవే" అనేవారు. సాయంత్రమైతే బందరు కాలువ గట్టు మీద తెల్ల పంచెని తెరలా కట్టి, దాని ముందు పెట్రోమాక్స్ లైటు పెట్టి కూర్చునేవారు. నేను తోడు. దారినపోయేవాళ్లు "ఏం సినిమా అండీ?" అని వెక్కిరిస్తే, "పురుగుల సినిమా. టికెట్ లేదు, కూర్చోండి" అనేవారు. మూడు ఉద్యోగాలు మానేసిన నాకు ఒకచోట కుదురుగా కూర్చుని చూడటం వచ్చిందంటే అది ఆ గట్టు మీదే.

ఆ పంచె మీదే వాలింది, బియ్యపుగింజంత రెక్కల పురుగు. బూడిదరంగు, అంచున పసుపు గీత. కాలువలో జమ్ము కాడలు తొలుచుకుని పెరిగేది. ఏ పుస్తకంలోనూ లేదు. తెలిసినవాళ్లకి రాస్తే, మగపురుగు పొట్ట చివర కోసి, లోపలి భాగాల బొమ్మ గీసి పంపితేనే కొత్త జాతి అవునో కాదో చెప్పగలమన్నారు. మేడమ్‌కి దొరికినవన్నీ ఆడవే. పెళ్లి చేసుకోని మనిషి, పకపకా నవ్వారు. "మగదిక్కు లేకపోతే దీనికీ పేరు రాదటే! పురుగుల్లోనూ ఇదే గోల."

"దొరికితే మీ పేరే పెడతారా మేడమ్?"

"సొంత పేరు పెట్టుకోకూడదే. కాలువ పేరు పెడతాను. ఊరి మురికంతా మోస్తోంది, ఆమాత్రం దక్కొద్దూ?"

ఏటా వేసవిలో కాలువ కట్టేసి జమ్ము తగలబెట్టేవారు. నీళ్లు వదిలి అది మళ్లీ మొలిచేదాకా ఆవిడకి ఎదురుచూపే. అలాగే రిటైరయ్యారు. గుండె జబ్బొచ్చింది. చేతులు వణకడం మొదలైంది.

పోవడానికి మూడు రోజుల ముందు ఫోన్ చేశారు. "దొరికాడే! రెక్కలు విప్పి చెక్కకి గుచ్చి ఆరబెట్టాను. నా చేతులతో కోస్తే ముక్కలవుతాడు. ఆదివారం వచ్చి నువ్వు కోయి."

ఆరబెట్టే బల్ల కాళ్ల కింద ఎప్పుడూ నీళ్ల డబ్బాలుండేవి. రోజూ పొద్దున కాఫీ కంటే ముందు వాటిని నింపేవారు. "చీమలకి కొత్త జాతి, పాత జాతి ఏముందే? పొట్టే ముందు తింటాయి" అనేవారు.

శవం ఉన్న ఇంట్లో పురుగు సంగతి అడగడానికి నోరు రాలేదు. దినాలయ్యాక వెళ్లాను. ఇల్లు సున్నం వేసినట్టు శుభ్రంగా ఉంది. అక్కగారు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో చెప్పారు: "మైల కదమ్మా, ఆ రోజే నిలవ నీళ్లన్నీ పారబోయించాను. బిందెల్లోవి, తొట్లోవి, ఆఖరికి ఆ బల్ల కింద డబ్బాల్లోవి కూడా. మా చెల్లి వస్తువులు మాత్రం ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి."

చెక్క మీద గుండుసూది నిటారుగా ఉంది. పక్కన కాగితం ముక్క మీద వణికిన అక్షరాలు: మగ. సూదికి ఏమీ లేదు.

"ఏమన్నా పోయిందా అమ్మా?"

"లేదండీ" అన్నాను.

బల్ల కాలి పక్కన గోడ మీద ఒక చీమ పైకి పోతోంది, బూడిదరంగు రెక్క ముక్కని నిలువుగా ఎత్తిపట్టుకుని. అంచున పసుపు గీత కిటికీ దాకా కనబడింది.