గుప్పెడు చింతగింజల ఉయ్యాల

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళకే నేను వ్యాపారం మొదలుపెట్టాను. ఉదయగిరిలో మా తాతయ్యకు చింతపండు కొట్టు ఉండేది. వెనకాల రేకుల షెడ్డులో, సీతారామపురం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎండాకాలమంతా చింతపండు కొట్టి గింజలు తీసేవారు. పండు కొట్టుకు, గింజలు కూలీలకు. అది అక్కడి రివాజు. ఆ షెడ్డు దూలానికే తాతయ్య నా కోసం తాడు ఉయ్యాల కట్టించాడు.

వీధి పిల్లలంతా ఎగబడేసరికి నేను వంతుకు ఐదు పైసలు పెట్టాను. అంగళ్ళ వాళ్ళ పిల్లలు ఇచ్చి ఊగారు. కూలికొచ్చిన ఒకామె కూతురు, నా ఈడుదే, తమ్ముణ్ణి చంకనేసుకుని గోడ పక్కన నిలబడి రెండు రోజులు చూసింది. పైసలు తెస్తేనే ఎక్కనిస్తానని దాని మొహం మీదే చెప్పాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా తాతయ్య ఇదంతా కొట్టులోంచి చూస్తూనే ఉన్నాడు. మూడోరోజు పిల్లలందర్నీ పిలిచి, "తాడు అరిగిపోతా ఉండాది, ఊరికే ఊగితే కుదరదు. పైసలు మాత్రం నాకొద్దు. వంతుకు గుప్పెడు చింతగింజలు తెండి," అన్నాడు.

దాంతో నా వ్యాపారం తలకిందులైంది. కూలీల పిల్లల దగ్గర గింజలకు కొదవేముంది! ఆ పిల్ల తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊగింది. పైసలున్న మా దగ్గర ఒక్క గింజ లేదు. నేను నీ మనవరాలిని కదా అని తాతయ్య దగ్గర ఏడ్చాను. "అయితే ఏంది? పోయి కూర్చోని కొట్టు," అన్నాడు నవ్వుతూ.

కూర్చున్నాను. రెండు గింజలు రాలేలోపే వేలి మీద కొట్టుకున్నాను. అప్పుడా పిల్ల వచ్చి తన గుప్పిట నా పావడాలో ఒంపింది. "నాకాడ ఇంకా ఉండాయిలే మే, పోయి ఎక్కు," అంది. నేను దాన్ని ఐదు పైసలు అడిగాను. అది నన్నేమీ అడగలేదు.

ఎండాకాలం అయ్యాక తాతయ్య ఆ గింజలు అమ్మి ఉయ్యాలకు కొత్త తాడు కొన్నాడు.

మొన్న ఆత్మకూరులో మా పేట పార్కుకు టికెట్ ఎంత పెట్టాలో మాట్లాడదామని పెద్దవాళ్ళను పిలిచారు. ఒకరు ఇరవై అన్నారు, ఒకరు పది. విరిగిన జారుడుబల్ల బాగుచేయాలంటే డబ్బు కావాలి, నేనూ కాదనలేదు. "గేటు బయట నిలబడే పిల్ల దగ్గర ఏముండాదో ముందు చూడండయ్యా," అన్నాను. చాలాసేపు వాదించుకున్నాక పెద్దలకు పది రూపాయలు, పిల్లలైతే పార్కులో ఒక మొక్కకు చెంబెడు నీళ్ళు పోస్తే చాలని తేలింది.

ఆ పిల్ల పేరు నాకు గుర్తు లేదు. కానీ ఏ టికెట్ కిటికీ ముందు నిలబడ్డా నా చూపు ముందు పక్కనున్న గోడ వైపే పోతుంది, తమ్ముణ్ణి ఎత్తుకుని ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని.