ఆకలి లేని మనిషి దీక్ష

అన్నం మీద మనసు చచ్చిపోయిన మనిషిని ఆ రోజు నేను నిరాహారదీక్షలో కూర్చోబెట్టాను. మెడలో దండ కూడా నేనే వేశాను.

ఆయన మా అక్క భర్త. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. నాకు కోరుట్లలో మందుల దుకాణం. తెలంగాణ ఉద్యమంలో ఊరూరా టెంట్లు వెలిసిన కాలం. మా చౌరస్తా టెంట్‌లో రోజుకొక రకం పనివాళ్లు కూర్చునేవారు. ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు టీచర్లు. పొద్దున దండలు వేసి కూర్చోబెడతారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపుతారు. ఆ రోజు మందుల దుకాణాలవాళ్ల వంతు. ఐదుగురు కావాలి, నలుగురమే తేలాం. మార్పు కోసమని అక్క పంపితే వారం నుంచి మా ఇంట్లోనే ఉన్న బావ గుర్తుకొచ్చాడు.

"బావా, నువ్వెట్లాగూ తింటలేవు. గా తినకపోవుడేందో తెలంగాణ కోసం చెయ్యి," అన్నాను.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వినట్టే అనిపించింది. "సరే బామ్మర్ది. నా కడుపు గిట్లనన్న పనికొస్తది," అన్నాడు.

ఆయన కడుపు పాడై అప్పటికి ఏడాది. ఉబ్బరం, మంట, ఒకరోజు విరేచనాలు, మూడు రోజులు మలబద్ధకం. సిరిసిల్ల నుంచి ఫోన్ చేసేవాడు. నేను డాక్టర్ చీటీ లేకుండానే మందులు కట్టి బస్సులో పంపేవాడిని. గ్యాస్ గోలీలతో పాటు ఒక యాంటీబయాటిక్. తగ్గకపోతే అంతకంటే గట్టిది. పదిహేనేళ్లుగా కౌంటర్ వెనక నిలబడ్డవాడికి డాక్టర్ ఎందుకన్నది నా పొగరు. నిద్ర పడుతోందా అని ఒక్కసారైనా అడగలేదు. సాంచాల మోత వింటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని అక్క చెప్తే, "గ్యాస్ తలకెక్కితే గట్లనే అయితది" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

సాయంత్రం నిమ్మరసం గ్లాసులు వచ్చాయి. నలుగురం తాగాం. బావ తన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"తాగు బావా, అయిపోయింది."

"నాకొద్దు. రేపు గూడ కూసుంట."

టెంట్‌లో చప్పట్లు మోగాయి. సిరిసిల్ల నుంచి సిపాయి వచ్చాడని మైకులో పొగిడారు. నేనూ చప్పట్లు కొట్టాను. గొప్పగా అక్కకు ఫోన్ చేసి చెప్పాను. రెండో రోజు ఇంకెన్నో దండలు పడ్డాయి. బావ నిమ్మరసం ముట్టలేదు, నీళ్లు కూడా గుక్కెడు గుక్కెడే. ఎందుకు తినవని ఏడాదిగా పోరుపెట్టిన వాళ్లమే ఇప్పుడు తిననందుకు మెచ్చుకుంటున్నాం. తినకుండా ఉండడానికి ఆయనకు గౌరవమైన చోటు దొరికింది. అది చూపించింది నేను.

మూడో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. బస్సులు బంద్. ఆటోలు మారుతూ, కొంత దూరం నడిచి వచ్చింది. సరాసరి టెంట్‌లోకి నడిచి, బావ మెడలోని దండలన్నీ తీసి నా చేతుల్లో పెట్టింది.

"గివి నువ్వేసుకో తమ్మీ. గీయన దీక్షల లేడు. సచ్చుడు షురూ చేసిండు."

టెంట్ నడిపించే ఆయన సర్దిచెప్పబోయాడు. "అక్కా, గట్ల అనొద్దు. ఉద్యమం కోసం కూసున్నడు."

"ఉద్యమం కోసం నేను కూసుంట, రాసుకో. నాకు మస్తు ఆకలైతది, నేను ఇడిస్తే గది దీక్ష. ఈయనకు ఆకలే లేకపాయె. ఏం ఇడిసిండని దండలేసిండ్రు?"

చేతుల్లోని దండలు కింద పెట్టాను. నేను బావ పక్కన చతికిలబడి, "ఏమైతుంది బావా?" అని అడిగాను. ఏడాదిలో అదే మొదటిసారి.

"ఏం అయితలేదు బామ్మర్ది. గదే బాధ. పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు. ఉండబుద్ధి గూడ అయితలేదు."

వెంటనే ఆటో మాట్లాడుకుని జగిత్యాల బయలుదేరాం. దారిలో ఒక ఊరి ముందు వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటూ రాకపోకలు ఆపే నిరసన అది. ఆటో పోదు, దిగి తినండి అన్నారు. అక్క దిగింది.

"మా ఆయనకు మనసు బాగలేదు. మనసు డాక్టర్ తాన్కి పోతున్నం. తొవ్వ ఇడువుండ్రి," అంది, అందరికీ వినపడేలా.

"గ్యాస్ అని చెప్పరాదే," అని బావ గొణిగాడు.

"చెప్ప. గ్యాస్ అనుకుంటనే ఏడాది పాయె."

అన్నం కలుపుతున్న ముసలామె గరిటె ఎత్తి, "ఏం సూస్తుండ్రు? పొయ్యి జరుపుర్రి, గాయన్ను పోనియ్యుర్రి," అని కసిరింది. ఉడుకుతున్న గుండిగ దించి, రాళ్లు పక్కకు నెట్టి, ఆటోకు దారిచ్చారు.

జగిత్యాలలో డాక్టరమ్మ ముందు సెలైన్ పెట్టించింది. కుంగుబాటు అని చెప్పింది, మందులు రాసింది. ఇన్నాళ్లూ ఏమేం వాడారని అడిగితే, నేను పంపిన గోలీల పేర్లన్నీ చెప్పాను.

"మీరు డాక్టరా?"

"కాదు మేడమ్."

ఆమె గొంతు పెంచలేదు. మన పేగుల్లో లెక్కలేనన్ని క్రిములుంటాయని, వాటిలో ఎక్కువ భాగం మనకు మేలు చేసేవేనని చెప్పింది. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా, నెత్తురు ద్వారా రాకపోకలుంటాయట. ఆ క్రిములు మారితే మనసు మీద ఏ మేరకు ప్రభావం ఉంటుందో ఇంకా పరిశోధన జరుగుతోందట. "మీ గోలీల వల్లే ఈయనకిలా అయిందని నేననను. అంత ఖాయంగా ఎవరికీ తెలియదు. కానీ అవసరం లేని యాంటీబయాటిక్ మంచి క్రిముల్ని కూడా చంపుతుంది. ఇన్నాళ్లు కడుపు బాగాలేదన్న మనిషిని నిద్ర గురించి, దిగులు గురించి కూడా అడగాలి కదా?"

ఖాయంగా తెలియదన్న మాటను పట్టుకుని నేను తప్పించుకోవచ్చు. అలా చేయను. తెలియనప్పుడు ఇవ్వకూడదు. నేను ఇచ్చాను.

మొదటి రెండు వారాలు ఏ మార్పూ కనిపించలేదు. ఆ తర్వాత ఒక పొద్దున బావ పెరుగన్నంలో ఉప్పు తక్కువైందని అక్కను విసుక్కున్నాడట. ఆమె ఆ సంగతి ఫోన్‌లో చెప్తూ ఏడ్చింది.

రెండున్నర నెలలకు బావ మళ్లీ పనికి వెళ్లాడు. మొదటి రోజు నేనూ వెంట వెళ్లాను. టెంట్ సంగతి అక్కడివాళ్లకు చెప్తానంటే, "నీ తప్పు నువ్వు చెప్పు. నా రోగం నేను చెప్త," అన్నాడు.

ఛాయ్ తాగే వేళ తోటివాళ్లు చుట్టూ చేరారు. "ఏంరా, మూడొద్దులు పస్తులున్నవట, తెలంగాణ తెచ్చినవా?" అని ఒకాయన ఆట పట్టించాడు.

నేను నిలబడి అంతా చెప్పాను. పంపిన గోలీలు, వేసిన దండ, కొట్టిన చప్పట్లు. బావ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కడుపు ఒక్కటే అనుకున్న. మనసు గూడ ఖరాబైంది. మందులు మింగుతున్న, ఇంకా మింగుత. ఎవలన్న నవ్వుతరా?"

"నవ్వుడెందుకురా? గా డాక్టరమ్మ దవఖాన యాడుందో చెప్పు," అన్నాడు ఆట పట్టించిన ఆయనే.

కోరుట్ల వచ్చాక చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం మానేశాను. పక్క దుకాణంలో ఇస్తున్నారని, ఉద్యమంలో తిరిగి పెద్ద నాయకుణ్ని అయ్యానని కొనడానికొచ్చినవాళ్లు ఎత్తిపొడిచారు. పడ్డాను, ఇవ్వలేదు. ఏడాదిన్నర పాటు నెలకోసారి దుకాణం మూసి, సిరిసిల్ల వెళ్లి, బావను బండి వెనక కూర్చోబెట్టుకుని జగిత్యాల తీసుకెళ్లాను. ఎక్కడికని దారిలో ఎవరడిగినా, మా అక్కలాగే, మనసు డాక్టర్ దగ్గరికని గట్టిగా చెప్పాను.